ఏనుగుబోడు ఉనికి పత్రం

ఆ ఏడాది ప్రభుత్వానికి కొండల మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందటేడు ఆ ప్రేమ చెరువుల మీద ఉండేది. దానికి తట్టుకోలేక ఎర్రవల్లిపాలెం మండలంలో మూడు చెరువులు, గట్టు మీద సిమెంటు బెంచీలూ నడుమ ఒక ఫౌంటెనూ మాత్రం మిగుల్చుకుని ఎండిపోయాయి. ఇక కొండల వంతు వచ్చింది.

వచ్చిన ఉత్తర్వు పద్నాలుగు పేజీలు. "మానవ కార్యకలాపముల వలన భూగోళము యొక్క రూపురేఖలు మారుచున్నవని ప్రపంచ దేశములన్నియు ఆందోళన చెందుచున్న తరుణములో, మన జిల్లా పరిధి మేరకు భూగోళము మారకుండ చూచు బాధ్యతను మండల సర్వేయర్లపై ఉంచడమైనది" అని మొదటి పేజీలో ఉంది. మిగతా పదమూడు పేజీల సారాంశం ఇది: రికార్డుల్లో ఉన్న ప్రతి కొండనూ సర్వేయరు స్వయంగా చూసి, కొలిచి, 'గిరి ఉనికి ధ్రువపత్రం' మీద సంతకం పెట్టాలి. పత్రం వచ్చిన కొండ రక్షిత గిరి అవుతుంది. ఆ తర్వాత దాని మీద నుంచి గులకరాయి తీసినా జైలే. గడువు నెలాఖరు.

మండల సర్వేయరు శేషారత్నానికి పన్నెండేళ్ళ సర్వీసులో గట్టు తగాదాలు తీర్చడమే సరిపోయింది గాని కొండల జోలికి పోయే అవసరం రాలేదు. జానెడు గట్టును జానెడుగానే రాస్తుందని ఆమెకు పేరు. ఆ పేరు వల్ల ఊళ్ళలో గౌరవమూ, ఆఫీసులో చిరాకూ సమానంగా దక్కాయి. భర్త పోయాక ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే కాబట్టి, ఆ చిరాకు మరీ ముదరకుండా జాగ్రత్తపడుతూ నెట్టుకొస్తోంది.

మండలంలో ఆరు కొండలున్నాయి. అయిదు కాస్త కొరికినట్టున్నా ఉన్నచోటే ఉన్నాయి. వాటికి పత్రాలు రాసేసింది. ఆరోది బోడుకిందిపాలెం పక్కనున్న ఏనుగుబోడు. సర్వే నంబరు 212, ఎత్తు నూట పద్దెనిమిది మీటర్లు, పడమటి నుంచి చూస్తే పడుకున్న ఏనుగులా ఉండునని తెల్లదొరల కాలంలో ఎవరో అందమైన చేతిరాతతో రికార్డులో రాసి పెట్టారు.

చైన్‌మన్ కోటయ్య సర్వే మిషను భుజాన వేసుకుని ముందు నడిచాడు. గొలుసుతో పొలాలు కొలిచే కాలం పోయినా, కోటయ్య హోదా మాత్రం చైన్‌మన్‌గానే ఉండిపోయింది. సర్వే నంబరు 212 చేరాక అతను ఆగి, మిషను దించి, కిందికి తొంగి చూశాడు.

"యాడ నుంచి కొలుద్దాం మేడం?"

ఎదురుగా పెద్ద గొయ్యి. గోడలు కేకు కోసినట్టు నిలువుగా ఉన్నాయి. అడుగున ఆకుపచ్చ నీళ్ళు, ఆ నీళ్ళ పక్కన చీమల్లా రెండు యంత్రాలు. ఇక్కడి నల్లరాయికి విదేశాల్లో మంచి గిరాకీ అని శేషారత్నం విన్నది. ఏనుగుకి ఏనుగే వెళ్ళిపోయిందని మాత్రం అనుకోలేదు.

గడ్డిమోపు ఎత్తుకుని అటుగా పోతున్న ఒక ముసలామె ఆగింది. పేరు పేరమ్మ. ఊరికి తూర్పు వరసలో చివరి ఇల్లు ఆమెది. ఒక్కతే ఉంటుంది, ఒక గేదెతో.

"ఏం ఎతుకుతున్నారు తల్లీ?"

"కొండ కోసం వచ్చాం పెద్దమ్మా."

"ఆలిశంగా వొచ్చారు. ముక్కలు ముక్కలు చేసి ఓడలెక్కించారు గదా. ఇప్పుడది ఏ దేశంలో ఎవరింట్లో పొయ్యిగట్టయి కూచుందో." పేరమ్మ మోపు దించి చెమట తుడుచుకుంది. "బోడు పోతే పోయింది. మా బావుల్లో నీళ్ళన్నీ ఆ గుంటలోకి దిగిపోయినయ్. ఇంకో సంగతి ఉంది, మీరు రాసుకునేవాళ్ళయితే ఒకసారి రాండి, చూపిస్తా."

తన ఇంటి వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. గనిలో పనికిరాని రాళ్ళూ మట్టీ పదకొండేళ్ళుగా లారీలతో తెచ్చి పోసిన కుప్ప అది. తాటిచెట్ల కంటే ఎత్తుగా, పేరమ్మ పెరటి కంచెను ఆనుకుని నిలబడి ఉంది. లారీ ఒరిగించినప్పుడల్లా పెరట్లోకి రాళ్ళు దొర్లుతాయట. పోయిన వేసవిలో గేదె కాలు విరిగిందట. గని యజమాని మాల్యాద్రి గారు అయిదేళ్ళ కిందటే తీయిస్తానని పంచాయతీలో మాట ఇచ్చాడట.

"రాస్తాను పెద్దమ్మా" అంది శేషారత్నం.

నిజంగానే రాసింది. "సర్వే నంబరు 212లో కొండ లేదు. గొయ్యి ఉంది. లోతు డెబ్బై ఒక్క మీటర్లు. తీసిన వ్యర్థము ఊరిని ఆనుకొని ప్రమాదకరముగా ఉన్నది. తొలగించవలెను." సంతకం పెట్టి పైకి పంపింది.

మూడో రోజున మెమో వచ్చింది. "కొండ లేదని తాము తెలిపియున్నారు. అది ఏ తేదీ నుండి లేదో, ఎవరి అనుమతితో లేదో తెలుపవలెను. అది లేకపోవుటను నాలుగు దిక్కుల నుండి ఫొటో తీసి జతపరచవలెను. రికార్డు ప్రకారము ఉన్న కొండను చూడలేకపోయినందున తమ కంటిచూపు విషయమై వైద్య ధ్రువపత్రము సమర్పించవలెను."

తహశీల్దారు చిదంబరరావు ఆమెను పిలిపించి కూర్చోబెట్టాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఫైలు తన బల్ల మీద ఆగకుండా ఉంటే చాలు, లోకంలో అందరూ బాగుండాలని కోరుకునే రకం.

"శేషారత్నం గారూ, కాస్త ఆలోచించండి. కొండ లేదని రాశారనుకోండి, ఎవరో పట్టుకెళ్ళినట్టవుతుంది. పట్టుకెళ్ళినట్టయితే మనమంతా చూస్తూ ఊరుకున్నట్టవుతుంది. గనికి ఇచ్చింది నాలుగెకరాలు, కొండ చూస్తే నలభై. ఈ పదకొండేళ్ళలో ఈ కుర్చీలో తొమ్మిదిమంది కూర్చున్నారు. తొమ్మిదిమందీ గుడ్డివాళ్ళని మీరొక్కరే రాస్తారా?"

"మరి ఏం రాయమంటారు సార్? అక్కడ లేదు."

"లేదు అనేది సాంకేతికమైన మాట. అది మనం అనకూడదు. నిపుణులు అనాలి."

నిపుణుల సంఘం వేశారు. ఏడుగురు సభ్యులు, వారికి అధ్యక్షుడు డాక్టర్ అనంతశయనం. భూమి పుట్టుక మీద మూడు పుస్తకాలు రాసిన పెద్దాయన. గొయ్యి అంచున షామియానా వేశారు. కొబ్బరి బొండాలు, జీడిపప్పు వచ్చాయి. డాక్టర్ గారు గొయ్యిని చాలాసేపు తదేకంగా చూసి గంభీరంగా అన్నారు.

"కొండ ఉంది. అయితే అది కిందికి ఉంది. శాస్త్రీయంగా దీన్ని ఋణాత్మక గిరి అనాలి. ఎత్తు మైనస్ డెబ్బై ఒకటి."

సభ్యులు ఆనందించారు. అక్కడికక్కడే కంప్యూటర్ తెరిచి ధ్రువపత్రం నింపబోయారు. ఎత్తు గడిలో మైనస్ గుర్తు పడలేదు. రాజధానికి ఫోను చేస్తే, కొండలకు మైనస్ ఉండవచ్చని తమకెవరూ చెప్పలేదనీ, గడి మార్చాలంటే మళ్ళీ టెండరు పిలవాలనీ అన్నారు. డాక్టర్ గారు బాధగా తల తిప్పుకున్నారు. తిప్పుకున్న వైపు ఊరు ఉంది, ఊరి మీదుగా కుప్ప కనిపించింది.

"అదేమిటి?"

"పనికిరాని రాళ్ళు సార్. గనివాళ్ళు పోసింది" అన్నాడు కోటయ్య.

"ఎక్కడి రాళ్ళు?"

"ఏనుగుబోడువే సార్."

"ఏనుగుబోడు రాళ్ళు ఒకచోట ఉంటే దాన్ని ఏమంటారు?"

కోటయ్య బుర్ర గోక్కున్నాడు. డాక్టర్ గారే జవాబు చెప్పారు. "ఏనుగుబోడు అంటారు. కొండ ఎక్కడికీ పోలేదయ్యా. అరకిలోమీటరు తూర్పుకి జరిగింది. ఖండాలే జరుగుతుంటే కొండ జరగడం ఒక వింతా?"

కొలిచారు. యాభై రెండు మీటర్లు. రికార్డులో నూట పద్దెనిమిది ఉంది కదా అని ఒక సభ్యుడు సందేహించాడు. మాల్యాద్రి గారు వినయంగా చేతులు కట్టుకుని, రోజుకి నలభై లారీలు పోయిస్తున్నామనీ, దేవుడి దయ ఉంటే నాలుగేళ్ళలో ఆ లోటు పూడుస్తామనీ మనవి చేసుకున్నాడు. ధ్రువపత్రంలో 'పెరుగుదల ధోరణి' అనే గడి ఒకటుంది. చెట్లకోసం పెట్టిన ఫారం నుంచి పొరపాటున వచ్చి చేరింది. అందులో 'ఆశాజనకం' అని రాశారు.

ఏడుగురూ సంతకాలు చేశారు. మొదటి గడి మాత్రం ఖాళీగా ఉంది. అది సర్వేయరుది.

"ఇది కుప్ప సార్" అంది శేషారత్నం మెల్లగా.

"మీరు డాక్టరేట్ చేశారామ్మా?" అని అడిగారు అనంతశయనం గారు, తిట్టినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే.

చిదంబరరావు ఆమె పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. "కంటి సర్టిఫికెట్ మెమో ఇంకా నడుస్తోంది. చూపు లేదని తేలితే ఉద్యోగం ఉండదు. అమ్మాయి ఇంటర్ చదువుతోంది కదా."

ఆమె సంతకం చేసింది. అది ఎప్పటిలాగే తీరుగా పడింది. ఇంటికి పోయాక ఆ సంగతి గుర్తొచ్చి ఆమెకు అన్నం సయించలేదు.

తర్వాత వ్యవహారం చకచకా నడిచింది. కుప్పకి ఇనప కంచె వేశారు, పేరమ్మ పెరటి వైపు తప్ప. అటు కంచె వేసే జాగా లేదు. 'రక్షిత గిరి, ప్రవేశము నిషిద్ధము' అని బోర్డు పెట్టారు. రాళ్ళలో గుంటలు తవ్వి, బయట నుంచి మట్టి తెచ్చి నింపి, అయిదువేల మొక్కలు నాటారు. అవి మూడో వారానికి ఎండిపోయాయి. ఎండినవి ఎండినట్టే నిలబడి ఉన్నాయి కాబట్టి లెక్కలో ఉంచారు. దేశమంతటా కొండలు తరిగిపోతుంటే ఒక్క ఎర్రవల్లిపాలెం మండలంలోనే పెరుగుతున్నాయని పై నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. మాల్యాద్రికి దుశ్శాలువా కప్పి 'గిరిపోషక' బిరుదు ఇచ్చారు. ప్రతి నెలా ఒకటో తారీఖున శేషారత్నం పోయి కొండ ఎత్తు కొలిచేది. యాభై రెండు, యాభై అయిదు, అరవై. కొలిచి వస్తున్నప్పుడు పేరమ్మ ఇంటి ముందు నుంచి కాక, చుట్టూ తిరిగి పొలాల మీదుగా వచ్చేది.

అయినా ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, పేరమ్మే ఆఫీసుకి వచ్చింది. వరసలో రెండు గంటలు నిలబడి చిదంబరరావు ముందు కాగితం పెట్టింది. పక్క కుర్చీలో శేషారత్నం ఉంది.

"ఆ కుప్ప తీయించండి సారూ. వానలొచ్చేలోగా."

చిదంబరరావు కాగితం చదివి వెనక్కి జరిపాడు. "చూడమ్మా, రక్షిత గిరిని కదిలించమని కోరడం చట్టప్రకారం నేరం. నువ్వు పెద్దదానివి, తెలియక రాశావు. ఇది తీసుకెళ్ళిపో, కేసు లేకుండా చూస్తాను."

"గిరేంది సారూ? మాల్యాద్రి లారీలు పోసిన రాళ్ళు."

"కొండ పక్కకి వచ్చి ఇళ్ళు కట్టుకుని, ఇప్పుడు కొండ తియ్యమంటే ఎలా?"

"మా మామ కట్టిన ఇల్లది. ఆ ఇంట్లోకి నేను కాపరానికొచ్చి యాభై ఏళ్ళు. అది నిన్న గాక మొన్న వొచ్చింది."

"రికార్డు ప్రకారం ఆ కొండ తెల్లదొరల కాలం నుంచి ఉందమ్మా."

పేరమ్మ అతని వంక ఇంక చూడలేదు. శేషారత్నం వంక చూసింది. "రాస్తానంటివి గదా తల్లీ. రాశావా?"

"రాశాను పెద్దమ్మా" అంది శేషారత్నం. అది నిజమే. రెండోసారి ఏం రాసిందో చెప్పడానికి నోరు రాలేదు.

ఆ వారంలోనే పేరమ్మకి నోటీసు అందింది. పెరట్లో పడిన రాళ్ళను ఆమె ఎత్తి గోడవారగా పేర్చుకుంది. అవి రక్షిత గిరి భాగములు. వాటిని అక్రమముగా కలిగియున్నందున పదిహేను రోజులలో యథాస్థానములో చేర్చవలెను. చదివి చెప్పమని ఆమె కోటయ్యను పట్టుకుంది. చదివి చెప్పి, కోటయ్య కూడా ఒక చెయ్యి వేశాడు. అరవై అయిదేళ్ళ మనిషి, గంపలో రాళ్ళు పెట్టుకుని, తన పెరట్లోకి దొర్లిన కొండని మళ్ళీ కొండ మీదికి మోసింది. ఆమె పైకి మోస్తుంటే లారీలు పైనుంచి కిందికి పోస్తున్నాయి. అటవీశాఖ బీటు గార్డు ఒకడు గొడుగు కింద కూర్చుని గంపలు లెక్కపెట్టాడు.

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున తొమ్మిది గంటల వేళ వాన కాస్త తెరిపి ఇచ్చింది. జనం ఊపిరి పీల్చుకుని పొలాల్లో నీళ్ళు మళ్ళించడానికి పోయారు. అప్పుడు కుప్ప కదిలింది. పెద్ద శబ్దం కూడా రాలేదని, బస్తాలోంచి బియ్యం జారినట్టు జారిందని చూసినవాళ్ళు చెప్పారు. తూర్పు వరసలో మూడిళ్ళు దాని కింద పడ్డాయి. రెండిళ్ళవాళ్ళు పొలాల్లో ఉన్నారు. పేరమ్మ గేదెను విప్పడానికి పాకలోకి పోయింది. గేదె బయటపడింది.

శేషారత్నం వెళ్ళేసరికి ఊరంతా చేతులతో, తట్టలతో రాళ్ళు తీస్తోంది. బీటు గార్డు మొదట ఆపబోయాడు, రక్షిత గిరి అని. కోటయ్య అతన్ని ఒక్క చూపు చూశాడు. గార్డు గొడుగు ముడిచి పక్కకి తప్పుకున్నాడు. శేషారత్నం చీర చెంగు దోపి అందరితో పాటు కూర్చుని రాళ్ళు తీసింది. మధ్యాహ్నానికి పేరమ్మ దొరికింది. చేతిలో గేదె పలుపు అలాగే ఉంది.

సాయంత్రానికల్లా పై నుంచి ప్రకటన వెలువడింది. "భారీ వర్షముల కారణముగా ఏనుగుబోడు కొండచరియలు విరిగిపడి ఒకరు మృతి చెందుట అత్యంత విచారకరము. ప్రకృతి వైపరీత్యముల ముందు మానవుడు నిమిత్తమాత్రుడు."

మర్నాడు చిదంబరరావు ఆమె ముందు ఫారం పెట్టాడు. రాత్రంతా నిద్ర లేని కళ్ళు అతనివి. "ఇదొక్కటీ అయిపోతే ఫైలు ముగుస్తుంది. కారణం దగ్గర 'ప్రకృతి' అని రాసి సంతకం పెట్టండి. ప్రకృతి అంటే ఎవరి మీదికీ రాదు."

"ప్రకృతి కాదని రాస్తే?"

అతను కలం ఆమె వైపు జరిపాడు. "అది కొండ కాదని రాసినట్టవుతుంది. కొండ అని మొదటి సంతకం పెట్టింది మీరు. నేను మీ మంచికే చెబుతున్నాను."

శేషారత్నానికి అది తెలుసు. తెలిసే పొద్దున్నే ఆఫీసుకొచ్చింది. ఉద్యోగం పోవచ్చని కూతురికి రాత్రే చెప్పింది. ఆ పిల్ల లేచి, తల్లికి అన్నం కలిపి పెట్టింది.

ఫారం తీసుకుని కారణం గడిలో రాసింది. గడి చాలకపోతే వెనక పేజీలో రాసింది. "ఇది కొండ కాదు. గనిలోని వ్యర్థము. దీని వయస్సు పదకొండు సంవత్సరములు. మాల్యాద్రి గారి గని లారీలు పోసినవి. ప్రతి నెల కొలతకు పోయినపుడు రాసుకొన్న లారీల నంబర్లు జతపరచడమైనది. ఇది కుప్ప అని తెలిసియుండి నేను కొండ అని సంతకము చేసితిని. పేరమ్మ మరణమునకు ప్రకృతి కారణము కాదు."

చిదంబరరావు దాన్ని చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు. వెనక్కి ఇవ్వలేదు. పైకి పంపేశాడు. అది ధైర్యమో, ఫైలు బల్ల మీద ఆగకూడదన్న అలవాటో, ఆమెకి చివరిదాకా తెలియలేదు.

నెల తర్వాత విచారణ జరిగింది. ఊరివాళ్ళు కోర్టుకి పోవడంతో తప్పలేదు. విచారణాధికారి మర్యాదస్తుడు. ఆమెకి మంచినీళ్ళు ఇప్పించి ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"సంతకం చేసేటప్పుడు అది కొండ అని మీరు నమ్మారా?"

"లేదండి."

"నమ్మకుండానే సంతకం చేశారా?"

"అవునండి."

అతను తృప్తిగా కలం మూత తీశాడు. "మంచిది. మిగతా ఏడుగురు సభ్యులూ తాము మనస్ఫూర్తిగా నమ్మామని రాసిచ్చారు. చిత్తశుద్ధితో పొరబడినవారిని శిక్షించడానికి నిబంధనలు ఒప్పుకోవు. తెలిసి తప్పు చేసింది మీరొక్కరే."

"రాళ్ళు పోసినవాళ్ళు?"

"వాళ్ళు ధ్రువపత్రం మీదేమీ సంతకం చేయలేదు కదమ్మా" అన్నాడు ఆయన.

శేషారత్నాన్ని సస్పెండ్ చేశారు. అనంతశయనం గారికి ఈ అనుభవం నుంచి నేర్చుకున్న పాఠాలు రాయమని మరో సంఘం ఇచ్చారు. ధ్రువపత్రం అబద్ధమని తేలింది కాబట్టి ఏనుగుబోడు ఇక కొండ కాదు. కొండ కానిది ఊరి మీద ఉండటానికి వీల్లేదని, రెండు నెలల్లో తొలగించాలని కోర్టు చెప్పింది. బోడుకిందిపాలెం గెలిచింది.

లారీలు వచ్చిన రోజున కోటయ్య ఫోను చేశాడు. "మేడం, ఎత్తుతున్నారు. మీరు రాకపోతే బాగోదు."

బస్సు దిగి నడిచి వెళ్ళింది. ఊరు ఊరంతా రోడ్డు పక్కన నిలబడి ఉంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పొక్లెయినరు ఒక్కో దోసెడు తీసి లారీలో వేస్తుంటే ఊరికే చూస్తున్నారు. ఎవరో ఆమెకి కుర్చీ తెచ్చి వేశారు. ఆమె కూర్చోలేదు.

"గొయ్యిలోనే పోసేస్తారా?" అని అడిగింది.

"అందులో పొయ్యకూడదంట మేడం. గొయ్యిని సరస్సని రాసేశారు. పడవలొస్తాయంట" అన్నాడు కోటయ్య.

నిండిన లారీ ఒకటి ఆమె పక్కనే ఆగింది. డ్రైవరు మస్తాన్ కిందికి దిగి తాళ్ళు బిగించుకుంటున్నాడు.

"ఎక్కడికి తీసుకుపోతున్నావయ్యా ఇదంతా?"

"పక్క మండలానికమ్మా. గుండ్లవారిపాలెం. అక్కడ రికార్డులో కొండ ఉందంట, ఊళ్ళో లేదంట. ఆఫీసర్లు ఆర్డరు పెట్టారు. నెలాఖరులోగా నిలబెట్టాలంట."

"ఊరికి ఎంత దూరంలో పోస్తున్నారు?"

మస్తాన్ తాడుకి ముడి వేశాడు. "దూరమేముందమ్మా. బడి వెనకాలే."

శేషారత్నం లారీ ముందు నుంచి చుట్టూ తిరిగి అవతలి తలుపు దగ్గరికి పోయింది. కోటయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, మెట్టు మీద కాలు పెట్టి, లోపలికెక్కి డ్రైవరు పక్కన కూర్చుంది.

"ఎందుకమ్మా?" అన్నాడు మస్తాన్.

"ఆ ఊళ్ళో దిగాలి. పోనివ్వు" అంది.